తలుపు తీసిన ప్రిన్సిపాల్: రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు



స్వర్ణోత్సవాల మాట మొదలైనప్పుడు మన సంఘం పెద్దలు నాకు రెండు పనులు అప్పగించారు. మొదటిది, బడి ముందర కట్టాలనుకున్న కమాన్‌కు డిజైను గీసి ఖర్చు లెక్క తీయడం. రెండవది, ఈ సంచికకు ఒక గొప్ప విద్యావేత్త జీవితం రాసివ్వడం. ముప్ఫై ఏండ్లు కాలువల మీద, తూముల మీద పనిచేసిన ఇంజనీరును కాబట్టి మొదటి పని వారం రోజుల్లో తేలిపోయింది. రెండవ పని మూడు నెలలు పట్టింది. అది రాస్తూ రాస్తూ మొదటి పని మీద నా అభిప్రాయమే మారింది. ఎట్లా మారిందో చివరన చెప్తాను. ముందు ఆ పెద్దాయన సంగతి.

రఘుపతి వెంకటరత్నం నాయుడు గారి పేరు కోస్తా జిల్లాల్లో ఈనాటికీ తలుస్తారు. మన వైపు ఆ పేరు తెలిసినవాళ్లు తక్కువ. ఆయన మనకు పరాయి కాదని చెప్పడానికే ఆయనను ఎంచుకున్నాను. ఆయన బాల్యంలో కొంత భాగం మనకు ఎగువన చాందాలో గడిచింది. ఆయన మొదటిసారి ప్రిన్సిపాల్ కుర్చీలో కూర్చున్నది మన సికింద్రాబాదులోనే.

ఆయన 1862 అక్టోబరు 1న మచిలీపట్నంలో పుట్టారు. తండ్రి అప్పయ్య నాయుడు గారు సైన్యంలో సుబేదారు. ఫౌజు ఉద్యోగం కనుక బదిలీ ఎక్కడికైతే కుటుంబం అక్కడికి పోవాలి. అట్లా ఈ పిల్లవాడి చదువు చాందాలో మొదలైంది. ఇప్పుడు మనం మంచిర్యాలలో రైలెక్కి బల్లార్షా దాటితే వచ్చే చంద్రపూరే ఆనాటి చాందా. అక్కడ హిందీ, ఉర్దూ, పారశీకం నేర్చుకున్నారు. తర్వాత తండ్రికి హైదరాబాదు బదిలీ కావడంతో మెట్రిక్ దాకా అక్కడ చదివారు. కృష్ణా తీరంలో పుట్టిన తెలుగు పిల్లవాడికి ఉర్దూ, పారశీకం ఇంటి భాషల్లాగా అబ్బడం ఆ రోజుల్లో అరుదు. వేర్వేరు కులాల, మతాల, భాషల పిల్లల నడుమ పెరిగినందువల్లనే ఆయనకు ఎవరినీ దూరంగా నిలబెట్టే అలవాటు అంటలేదేమో అని నాకు అనిపిస్తుంది.

పై చదువుకు మద్రాసు క్రిస్టియన్ కాలేజీకి వెళ్లారు. అక్కడ ప్రిన్సిపాల్ విలియం మిల్లర్ అనే స్కాట్లండ్ దేశస్థుడు. దక్షిణాదిలో ఒక తరం చదువరులను తయారుచేసిన మనిషి ఆయన. పాఠం చెప్పడంతో అధ్యాపకుడి పని అయిపోదని, విద్యార్థి నడవడి కూడా తన బాధ్యతేనని నాయుడు గారు నేర్చుకున్నది ఆయన దగ్గరే. ఆ గురువు క్రైస్తవ మిషనరీ. శిష్యుడు మాత్రం బ్రహ్మసమాజంలో చేరారు. దేవుడు ఒక్కడే, విగ్రహాలు వద్దు, కులభేదం వద్దు అని చెప్పే సమాజం అది. ఇద్దరి దారులు వేరైనా నాయుడు గారికి గురువు మీద గౌరవం జీవితాంతం తగ్గలేదు. ఆ మిల్లర్ గారు తర్వాత మద్రాసు విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్ అయ్యారు. అదే కుర్చీలో పాతికేళ్లకు శిష్యుడు కూడా కూర్చోబోతున్నాడని అప్పుడు ఎవరికీ తెలియదు.

ఇంగ్లీషులో ఎం.ఏ. చేశాక నాయుడు గారు మచిలీపట్నంలో నోబుల్ కాలేజీలో అధ్యాపకులుగా పనిచేశారు. ఆయన క్లాసులో కూర్చున్నవాళ్లలో భోగరాజు పట్టాభి సీతారామయ్య, ముట్నూరి కృష్ణారావు, కోపల్లె హనుమంతరావు ఉన్నారు. ముట్నూరి వారు కృష్ణాపత్రిక సంపాదకులయ్యారు. కోపల్లె వారు బందరులో జాతీయ కళాశాలకు ప్రాణం పోశారు. పట్టాభి గారు ఆంధ్రా బ్యాంకు పెట్టారు, 1948లో జయపురం కాంగ్రెసు మహాసభకు అధ్యక్షులయ్యారు. ఒక్క అధ్యాపకుడి బెంచీల మీదినుంచి ఒక పత్రిక, ఒక కళాశాల, ఒక బ్యాంకు లేచి వచ్చాయి.

చిన్న వయసులోనే భార్య చనిపోయారు. మళ్లీ పెళ్లి చేసుకోలేదు. తెల్లని బట్టలు తప్ప వేరే రంగు కట్టలేదు. ఆ ఇంటికి విద్యార్థులే మనుషులయ్యారు.

ఇక మన సికింద్రాబాదు. అక్కడి మహబూబ్ కాలేజీ మొదట ఒక బడిగా 1862లో మొదలైంది. అంటే నాయుడు గారు పుట్టిన ఏడే. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరు దానికి వచ్చింది. 1893 ఫిబ్రవరిలో అమెరికా వెళ్లబోయే ముందు స్వామి వివేకానంద ప్రసంగించింది ఈ కాలేజీలోనే. నాయుడు గారు అక్కడ 1899 నుంచి 1904 వరకు ప్రిన్సిపాల్‌గా ఉన్నారు.

ఆ రోజుల్లో మన రాజ్యంలో చదువు ఎట్లా ఉండేదో ఈ తరానికి చెప్పాలి. దర్బారు భాష ఉర్దూ. పై చదువుకు ఇంగ్లీషు. తెలుగుకు సర్కారులో చోటు లేదు. ఊళ్లలో ఖాన్గీ బడి ఉంటే ఉన్నట్టు, పంతులు ఊరు విడిచి పోతే లేనట్టు. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం తెరిచింది 1901లో, అంటే నాయుడు గారు సికింద్రాబాదులో ఉండగానే. ఉస్మానియా రావడానికి ఇంకా పదిహేడేళ్లు ఉంది. మల్యాలలాంటి ఊరినుంచి ఒక పిల్లవాడు కాలేజీ గడప తొక్కడం అంటే ఊరంతా చెప్పుకునే సంగతి. అందులో బీదవాడైతే ఆ మాటే లేదు.

సికింద్రాబాదు తర్వాత నాయుడు గారు కాకినాడ పిఠాపురం రాజా కాలేజీకి ప్రిన్సిపాల్‌గా వెళ్లి 1919 దాకా అక్కడే ఉన్నారు. ఆయన పేరు నిలిచింది ఆ పదిహేనేళ్ల పనితోనే.

ప్రిన్సిపాల్ అంటే సర్వాధికారి అని మనం అనుకుంటాం. ఆనాటి కాలేజీ నడిచే తీరు చూస్తే అట్లా లేదు. పాఠ్యప్రణాళిక, పరీక్షలు, డిగ్రీలు మద్రాసు విశ్వవిద్యాలయం చేతిలో. గ్రాంటు, తనిఖీ ప్రభుత్వం చేతిలో. డబ్బు, యాజమాన్యం జమీందారు చేతిలో. వీటన్నిటి మధ్య ప్రిన్సిపాల్ చేతిలో మిగిలేవి రెండే: బడిలోకి ఎవరిని రానివ్వాలి, లోపలికి వచ్చినవాళ్లను ఎట్లా చూడాలి. నాయుడు గారు ఆ రెండింటినీ గట్టిగా పట్టుకున్నారు.

మొదట ఆడపిల్లలను మగపిల్లలతో పాటు అదే కాలేజీలో చేర్చుకున్నారు. ఆడపిల్ల రజస్వల కాకముందే పెళ్లి చేసి అత్తవారింటికి పంపే కాలం అది. ఇంట్లో తాతమ్మలు, బజారులో పెద్దమనుషులు, అందరి నోళ్లూ లేచే పని. అయినా చేశారు. తర్వాత దళిత విద్యార్థులకు తలుపు తీశారు. తీసి ఊరుకుంటే వాళ్లు చదువుకోలేరని ఆయనకు తెలుసు. ఊళ్లో అద్దెకు గది ఎవరిస్తారు? ఏ హోటలువాడు అన్నం పెడతాడు? కాబట్టి వాళ్లకు కాకినాడలో వసతిగృహం ఏర్పాటయ్యేలా చూశారు. తల్లిదండ్రులు లేని పిల్లలకు అనాథ శరణాలయం వచ్చింది. వితంతు వివాహాలకు, కులాంతర వివాహాలకు ఆయన అండగా నిలిచారు.

వీటికి డబ్బు ఎక్కడిది? పిఠాపురం మహారాజా సూర్యారావు బహదూర్ గారిది చాలా భాగం. మహారాజా నాయుడు గారిని గురువుగా భావించారు. కాలేజీకి, శరణాలయానికి, బ్రహ్మమందిరానికి ఆయన చేయి చాచి ఇచ్చారు. సూర్యరాయాంధ్ర నిఘంటువు వెనుక ఉన్నదీ ఆ మహారాజే. ఈ సంగతి నాలాంటి ఉద్యోగులు బాగా గమనించాలి. పైవాడి దగ్గర డబ్బు ఉంటుంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలిసిన మనిషి కింద ఉంటే ఆ డబ్బు నూరేళ్లు పనిచేస్తుంది. నాయుడు గారు రాజుగారి దగ్గర తనకోసం ఏమీ అడగలేదు. అడిగిందంతా పిల్లలకోసం. అందుకే ఆయన మాటకు అక్కడ విలువ ఉండేది.

ఆయన సొంత జీతం సంగతి కూడా అదే. తన ఖర్చుకు కొద్దిగా ఉంచుకుని మిగతాది బీద విద్యార్థుల ఫీజులకు, పుస్తకాలకు, భోజనాలకు ఇచ్చేసేవారు. ఆయన పెద్ద కుటుంబంలో పుట్టిన శ్రీమంతుడు కాదు, సుబేదారు కొడుకు. నెల జీతం మీద బతికిన మనిషి. నెల జీతంలోంచి ఇవ్వడం ఎంత కష్టమో ఇంటి లోను, పిల్లల కాలేజీ ఫీజు కడుతున్న మనందరికీ తెలుసు.

కాకినాడలో ఆయన ప్రభావం పడినవాళ్లలో ఇద్దరి పేర్లు చెప్తే చాలు: గుడిపాటి వెంకటచలం, దేవులపల్లి కృష్ణశాస్త్రి. ఇద్దరూ యౌవనంలో ఆయన వల్ల బ్రహ్మసమాజం వైపు వచ్చారు. చలం తర్వాత పూర్తిగా వేరే దారిన పోయి, గురువు నీతి అన్నదాన్నే ప్రశ్నించాడు. ఒక ప్రిన్సిపాల్ నీడలోంచి తనను ఒప్పుకునేవాడూ, తనతో విభేదించేవాడూ ఇద్దరూ పెరిగారంటే ఆ నీడ మంచిదేనని నేననుకుంటాను.

ఆయనలో లోపాలు లేవని రాస్తే అది జీవితచరిత్ర కాదు, సన్మానపత్రం అవుతుంది. కాబట్టి రెండు మాటలు.

మచిలీపట్నం రోజుల్లో ఆయన సంఘ పవిత్రత కోసం ఒక ఉద్యమం మొదలుపెట్టారు. మద్యం మానాలి, పెళ్లిళ్లలో భోగం మేళాలు పెట్టకూడదు అని ఊరూరా చెప్పారు. డబ్బున్నవాళ్లు ఆడవాళ్లను ఆటవస్తువులుగా చూడడం మీద ఆయన కోపం న్యాయమైనదే. కానీ మేళాలు ఆగిపోతే ఆ కళ మీద బతికే ఆడవాళ్ల గతి ఏమిటన్న ప్రశ్నకు ఆనాటి సంస్కర్తల దగ్గర సరైన జవాబు లేదు. వాళ్ల జీవనం పోయింది, తరతరాల ఆట, పాట చిన్నబోయాయి. ఈ రెండవ పక్కను తర్వాతి పరిశోధకులు వెలికితీశారు. మన ప్రాజెక్టుల కింద మునిగిన ఊళ్లవాళ్లను చూసినప్పుడల్లా నాకు ఇది గుర్తొస్తుంది. మంచి పని చేసేవాడు కూడా ఆ పని కింద ఎవరు నలుగుతున్నారో లెక్క రాసుకోవాలి.

రెండవది రాజకీయం. శిష్యులు స్వరాజ్యం అంటూ జైళ్లకు పోతుంటే, గురువుగారు 1924లో బ్రిటిషు ప్రభుత్వం ఇచ్చిన సర్ బిరుదు తీసుకున్నారు. ఆయన నమ్మకం వేరు. ముందు మనుషులు మారాలి, చదువు పెరగాలి, కులం పోవాలి, ఆ తర్వాతే మిగతావి అన్నది ఆయన పద్ధతి. ఆ వరుస సరైనదా కాదా అన్నది ఎవరి అభిప్రాయం వాళ్లది. కానీ దళిత పిల్లవాడు కాలేజీ బెంచీ మీద కూర్చోవడానికి స్వరాజ్యం వచ్చేదాకా ఆగక్కరలేదని ఆయన చేసి చూపించారు.

1925లో ఆయన మద్రాసు విశ్వవిద్యాలయం వైస్ చాన్సలర్ అయ్యారు. 1928 దాకా ఉన్నారు. 1857లో పుట్టిన ఆ విశ్వవిద్యాలయం కింద అప్పటిదాకా దక్షిణాది కాలేజీలు ఎన్నో ఉండేవి. ఆయన పదవిలో ఉండగానే 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడి తెలుగు జిల్లాల కాలేజీలు విడిపోయాయి. తన కింద ఉన్న కాలేజీలు వెళ్లిపోతే చిన్నబుచ్చుకునే అధికారులను మనం చూశాం. ఇక్కడ అట్లా కాలేదు. మరుసటి ఏడే, 1927లో, ఆ కొత్త విశ్వవిద్యాలయమే ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. జనం మాత్రం ఆయనను ఆ బిరుదులతో పిలవలేదు. కులపతి అన్నారు, బ్రహ్మర్షి అన్నారు. పాత రోజుల్లో వేలమంది శిష్యులకు అన్నంపెట్టి చదువు చెప్పేవాణ్ణి కులపతి అనేవారట. అన్నంపెట్టి అన్న ముక్క ఆయన విషయంలో అక్షరాలా నిజం.

1939 మే 26న ఆయన కన్నుమూశారు.

ఇప్పుడు నా సంగతి. కాలువ పనిలో చేరిన కొత్తలో మా సీనియర్ ఇంజనీరు ఒకాయన నన్ను తూము దగ్గర నిలబెట్టలేదు. నేరుగా చివరి ఆయకట్టుకు తీసుకుపోయారు. తూము దగ్గర నీళ్లు ఎప్పుడూ నిండుగానే కనబడతాయి, ఫొటోలు కూడా అక్కడే తీస్తారు. కాలువ బాగుందా లేదా అన్నది చివరి మడి తడిసిందా అన్నదాన్ని బట్టి తెలుస్తుంది. ముప్ఫై ఏండ్లలో నేను నేర్చుకున్న ఇంజనీరింగు అంతా దాదాపు ఇదే. నాయుడు గారి జీవితం చదువుతుంటే ఆయన కాలేజీని ఇట్లాగే చూశారని తెలిసింది. ముందు వరుసలో కూర్చునే పిల్లలకు ఏ ప్రిన్సిపాల్ అయినా ఒకటే. చివరి మడికి నీళ్లు పారించినవాడినే జనం గుర్తుపెట్టుకుంటారు.

నేనూ ఒకప్పుడు చివరి మడినే. పదో తరగతి పరీక్ష ఫీజు కట్టే గడువు దగ్గరపడ్డ రోజుల్లో మా బాపు బొంబాయిలో ఉన్నాడు. రెండు నెలలుగా మనియార్డరు రాలేదు. అమ్మ ఇద్దరు ముగ్గురిని అడిగింది, దొరకలేదు. నేను బడికి పోవడం మానేసి కొండగట్టు కింద కొబ్బరికాయల దుకాణంలో పనికి కుదిరాను. నాలుగో రోజు ఒక సార్ సైకిల్ మీద వచ్చి, ఫీజు సంగతి అయిపోయింది, రేపు బడికి రావాలి అని చెప్పి వెళ్లారు. సర్కారు మాఫీ చేసిందేమో అనుకున్నాను. ఇరవై ఏండ్ల తర్వాత, ఆ సార్ పోయాక, ఆయన దినాలకు వెళ్లినప్పుడు తెలిసింది. ఆ ఏడు నాతో పాటు మరికొందరి ఫీజు ఆయన తన జీతంలోంచి కట్టారట. ఆ సంగతి ఇంట్లోవాళ్లకు కూడా పాత డైరీ చూశాకే తెలిసిందట. ఆ అప్పు తీర్చడానికి నాకు మనిషి మిగలలేదు. ఆయన పేరు ఇక్కడ రాయొద్దని ఆ కుటుంబం కోరింది కనుక రాయడం లేదు. మనలో కొందరికి ఆ పేరు తెలుసు.

ఆ సార్ నాయుడు గారి గురించి విన్నారో లేదో నాకు తెలియదు. కానీ కాకినాడలో నూరేళ్ల కింద జరిగిన పని, మల్యాలలో సైకిల్ మీద తిరిగిన సార్ చేసిన పని ఒకటే. తేడా ఒక్కటే, ఆయన వెనుక పిఠాపురం మహారాజా లేడు.

ఆయన వెనుక ఇప్పుడు మనం ఉండవచ్చు. ఇక్కడికే కమాన్ సంగతి వస్తుంది. నేను గీసిన డిజైను బాగానే ఉంది. రెండు స్తంభాలు, పైన సరస్వతీ అమ్మవారు, గ్రానైట్ పలకల మీద దాతల పేర్లు. నా పేరు ఎక్కడ వస్తుందో కూడా లెక్కేసుకున్నాను, దాచుకోవడం ఎందుకు? కానీ ఈ వ్యాసం సగం రాసేసరికి ఆ కాగితం చూడబుద్ధి కాలేదు. కమాన్ కింద నుంచి లోపలికి వచ్చే పిల్లలు తగ్గిపోతే కమాన్ ఎందుకు?

కాబట్టి సంఘం ముందు ఈ మాట పెడుతున్నాను. కమాన్ కట్టొద్దనడం లేదు. సిమెంటు, ఇసుకలతో సాదాగా, మూడో వంతు ఖర్చులో అయ్యే ఇంకో డిజైను గీశాను. మిగిలిన రెండు వంతులు బ్యాంకులో వేసి, దాని వడ్డీతో ప్రతి ఏడు పదో తరగతి దాటి ఇంటర్‌లో చేరలేక ఆగిపోయే మన బడి పిల్లలను ముందుకు పంపుదాం. అందులో ఆడపిల్లలకు మొదటి వరుస ఇద్దాం. పదో తరగతి కాగానే పెళ్లిమాటలు మొదలయ్యే ఇళ్లు మన మండలంలో ఇంకా ఉన్నాయని ఇక్కడి టీచర్లకు నాకంటే బాగా తెలుసు. ఏ పిల్లకు అవసరమో వాళ్లే చెప్పాలి. ఎవరికి ఇచ్చామన్నది పలక మీదికి, ఫొటోల్లోకి ఎక్కకూడదు. నా ఫీజు కట్టిన సార్ నాకు మిగిల్చిన మర్యాద అది.

మొదటి చెక్కు నాది. కమాన్ మీద నా పేరుకు అనుకున్న మొత్తమూ, దాని మీద ఆనాటి పరీక్ష ఫీజూ కలిపి రాశాను. సర్వసభ్య సమావేశంలో అందరూ ఆలోచించి ఒక మాట అనండి. కొత్త డిజైను, ఖర్చు లెక్కలు కార్యదర్శి గారి దగ్గర ఉన్నాయి.

సెలవు.